విడాకుల డిక్రీ చేతికొచ్చినా లోన్‌ల పేరు పోదు: హనుమకొండల ఒక జాయింట్ హోమ్‌లోన్ కేసు

ఈ కేసు అయిపోయినంక రాసుకున్న నోట్స్ ఇది. కొత్తగా ఫ్యామిలీ కేసులు చూస్తున్న జూనియర్లకు, ఇల్లు ఇద్దరి పేరు మీద ఉండి విడిపోదామనుకునేటోళ్ళకు పనికొస్తదని రాస్తున్న. పేర్లు, కాలనీ, బ్యాంకులు రాస్తలేను, అంకెలు కొంచెం గుండ్రంగా చేసిన.

నా క్లయింట్ సర్కారు బడిల టీచర్, వయసు 39. ఆమె భర్తది హైదరాబాద్‌ల ప్రైవేటు ఉద్యోగం. ఒక బాబు. 2019ల హనుమకొండల ఫ్లాట్ కొన్నరు, 46 లక్షలు, దాంట్ల 36 లక్షలు లోను, 20 ఏళ్ళు, ఫ్లోటింగ్ రేటు (మారుతుండే వడ్డీ), ఈఎంఐ 31 వేల చిల్లర. సేల్ డీడ్ ఇద్దరి పేరు మీద సగం సగం, లోన్‌ల ఆయన మెయిన్ అప్లికెంట్, ఆమె కో-అప్లికెంట్. 2022 నుంచి వేరువేరుగ ఉంటున్నరు. ఆమె, బాబు ఆ ఫ్లాట్‌లనే. కొట్లాటలు, పోలీస్ స్టేషన్ అంటూ ఏం లేవు, ఇద్దరు సాఫీగా విడిపోదామనుకున్నరు, అందుకే మొదట్ల నాకు ఇది సులువు కేసులెక్క కనబడ్డది.

2024 ఆగస్టుల నా దగ్గరికి వచ్చింది. చేతిల ఒక ఒప్పందం ముసాయిదా ఉంది, వాళ్ళ చుట్టాలల్ల ఎవరో రాసిచ్చిన్రు. దాంట్ల ఒకటే లైను, ఫ్లాట్ భార్యకు, భర్తకు ఇంక ఏ హక్కు లేదు, మిగిలిన లోన్ భార్యనే కడ్తది అని. "ఇద్దరం సంతకం పెట్టి కోర్టుల ఇచ్చేస్తే ఆయన పేరు పోతది కదా మేడమ్?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పకుండ ఫోన్ల సిబిల్ రిపోర్టు (అప్పులు ఎన్ని ఉన్నయో, ఎట్ల కడ్తున్నరో చూపే రిపోర్టు) తీసి చూపించమన్న. అప్పుడు బయటపడ్డది అసలు సంగతి. ఈఎంఐ ఆయన ఖాతా నుంచి కట్ అయితది, ఆయన ఉద్యోగం మారినప్పుడు జీతం ఖాతా మారింది, పాత ఖాతాల పైసలు లేక మూడు ఈఎంఐలు ఎగిరిపోయినయ్. ఆమెకు ఒక్క మెసేజ్ రాలే ఎందుకంటే బ్యాంకుల ఉన్న నంబర్ ఆయనది. అంతకుముందు నెల వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కు చిన్న పర్సనల్ లోన్ అడిగితే ఎందుకు ఇయ్యలేదో ఆమెకు నా ఆఫీసుల కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆ స్క్రీన్ చూసుకుంట చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. ఇల్లు మీద హక్కు వేరు, లోన్ మీద బాధ్యత వేరు. హక్కు రిజిస్ట్రారాఫీసుల మారుతది, బాధ్యత బ్యాంకు ఒప్పుకుంటేనే మారుతది. కాంట్రాక్ట్ యాక్ట్ 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి ఇచ్చిన మాటకు బ్యాంకు ఎవరినైనా మొత్తం కట్టమనొచ్చు, సగం నాది సగం ఆయనది అనే లెక్క బ్యాంకుకు పట్టదు. పాత ఒప్పందం బదులు కొత్తది రావాలంటే దాంట్ల ఉన్నోళ్ళందరు ఒప్పుకోవాలె, బ్యాంకు కూడా. విడాకుల కేసుల బ్యాంకు పార్టీ కాదు, అందుకే "లోన్ భార్యనే కడ్తది" అని డిక్రీల (కోర్టు ఇచ్చే ఆఖరి ఉత్తర్వుల) రాసినా అది వాళ్ళిద్దరి మధ్య మాటనే. ఆమె ఒక నెల తప్పితే ఆయన సిబిల్ పడ్తది, ఆయన పోయి డిక్రీ చూపిస్తే బ్యాంకోళ్ళు చదివి పక్కన పెడ్తరు.

మేం మొదట చేసింది ఉన్న బ్యాంకులనే ఆయన పేరు తీసెయ్యమని దరఖాస్తు. దానికి కారణం ఉంది, కాగితాలు అక్కడే ఉన్నయ్, కొత్త రిజిస్ట్రేషన్ తిప్పలు తక్కువ, ప్రాసెసింగ్ ఫీజు తక్కువ. సెప్టెంబర్‌ల ఇచ్చినం, ఆయన నో-అబ్జెక్షన్ కూడా పెట్టినం. ఇదే టైంల నేను చేసిన తప్పు ఒకటి. బ్యాంకు జవాబు రాతల చేతికి రాకముందే అక్టోబర్‌ల హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి కింద, అంటే ఇద్దరు ఒప్పుకొని తీసుకునే విడాకులకు, మొదటి మోషన్ (కోర్టుల మొదటి దరఖాస్తు) వేసిన. బ్రాంచిల మేనేజర్ నోటితోని "అయితది లెండి" అన్నడు, దాన్ని నమ్మిన. నవంబర్ మొదట్ల లెటర్ వచ్చింది, కుదరదు అని. కోర్టుల వేసిన ఒప్పందంల మాత్రం ఆ బ్యాంకు పేరు రాసి ఫలానా తేదీలోపు పేరు తీసేస్తరు అని ఉంది. దాన్ని మార్చి మళ్ళా ఇద్దరితోని సంతకాలు తీసుకోవాల్సొచ్చింది, అప్పటికే వాళ్ళ నడుమ ఉన్న కొద్దిపాటి నమ్మకం ఇంకింత పల్చబడ్డది. ఆయన లాయర్ నాకు తమ్ముని లెక్క, "అక్కా, మావోడు ఇప్పుడు అనుమానపడ్తుండు" అన్నడు, ఆయన అనుమానంల తప్పులేదు.

బ్యాంకు ఎందుకు కుదరదన్నదో లెక్క చూడాలె, ఎందుకంటే బయటపడే దారి ఆ లెక్కలనే ఉంది. లోన్ ఇచ్చినప్పుడు రెండు జీతాలు చూసి ఇచ్చిన్రు. ఇప్పుడు ఒక్క జీతం మీద మళ్ళా మొత్తం కొత్తగ తూకమేస్తరు. ఆమె చేతికొచ్చేది 64 వేలు. అప్పులన్నిటికి కలిపి సగం దాకా పోవచ్చని వాళ్ళ లెక్క, అంటే 32 వేలు. దాంట్ల టీచర్ల సొసైటీ లోన్ 7 వేలు నెలనెల కట్ అయితది, మిగిలింది 25 వేలు. 15 ఏళ్ళకు, 8.5 శాతం వడ్డీకి లక్షకు ఈఎంఐ 985 రూపాయలు పడ్తది, అంటే ఆమెకు వచ్చేది 25 లక్షల 40 వేల దాకా. బాకీ ఏమో 31 లక్షలు. ఐదేళ్ళల్ల 18 లక్షల పైన కట్టినా అసలు తగ్గింది ఐదు లక్షలే, మొదటి ఏళ్ళల్ల అంతా వడ్డీకే పోతది కదా. ఐదున్నర లక్షలు కట్టి రండి, లేదా ఇంకో కో-అప్లికెంట్‌ను తెండి అన్నరు. వాళ్ళన్న ముందుకొచ్చిండు గాని నేను వద్దన్న. రేపు ఆయనకు తన పిల్లల కోసం లోన్ కావాల్నంటే ఈ 31 లక్షలు ఆయన రిపోర్టుల కూర్చుంటయ్, ఒక ముడి విప్పి ఇంకొకరి మెడకు వేసినట్టయితది.

ఆమె బంగారం అమ్మి ఐదున్నర లక్షలు జమ చేస్తనన్నది. రెండు రోజులు ఆగమన్న. సొసైటీ లోన్‌ల ఇంక ఎంత ఉందని అడిగితే లక్షా 60 వేలు అన్నది. ఈ కేసుల మలుపు ఇక్కడే. ఆ లక్షా 60 వేలు కట్టేస్తే నెలకు 7 వేలు ఖాళీ అయితది, అప్పుడు 32 వేల ఈఎంఐకి అదే 15 ఏళ్ళ మీద 32 లక్షల పైన వస్తది. ఐదున్నర లక్షలు అసలుల పోసేదానికంటే లక్షా 60 వేలు చిన్న అప్పుల పోస్తే పని అయితది. చిన్న లోన్ల నెలవారీ కోతనే అర్హతను తింటది, బాకీ ఎంత ఉందనేది కాదు. కొంత బంగారం పెట్టి, కొంత అన్న దగ్గర చేబదులు తీసుకొని కట్టేసింది, సొసైటీ నుంచి బాకీ లేదనే నో-డ్యూస్ లెటర్ తెచ్చింది.

దాంతోని మళ్ళా పాత బ్యాంకుకే పోయినం. ఈసారి వేరే సాకు, మూడు ఈఎంఐలు తప్పినయ్ కాబట్టి ఖాతా కొంతకాలం రెగ్యులర్‌గ నడవాలె, ఆ తర్వాతనే మార్పులు అని. అప్పటికి డిసెంబర్ అయింది.

ఈ మధ్యల ఆయన తరఫు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది, లోన్ అట్లనే ఉండనీ, ఆమె కడ్తది, ఆమె తప్పితే ఆయనకు నష్టపరిహారం ఇస్తదని ఒక క్లాజు రాసుకుందాం, రెండు మోషన్ల నడుమ ఉండే ఆరు నెలల గడువు కూడా మాఫీ చేయించుకొని తొందరగ డిక్రీ తీసుకుందాం అని. 2017ల అమర్‌దీప్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు ఆ గడువు తప్పనిసరి కాదన్నది, పరిస్థితి చూసి కోర్టు మాఫీ చెయ్యొచ్చు, కాబట్టి అడిగే హక్కు ఉంది. నేను ఒప్పుకోలేదు. ఆ క్లాజు అంటే నష్టం జరిగినంక దావా వేసుకునే కాగితం, అంతే, ఆయన రిపోర్టుల 31 లక్షల లోన్ అట్లనే కనబడ్తది, ఆయనకు హైదరాబాద్‌ల ఇల్లు కొనాలని ఉంది, ఎవరిస్తరు? ఇంకోటి, డిక్రీ వచ్చేసినంక సంతకం కోసం ఒకరినొకరు బతిమాలుకోవాలె, అప్పుడు ఎవరికీ తొందర ఉండదు. ఆ ఆరు నెలలు బ్యాంకు పని కోసమే దేవుడిచ్చిన టైం అనుకోమని ఇద్దరికి చెప్పిన.

జనవరిల ఆమె జీతం పడే బ్యాంకుకు పోయినం, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (ఈ బ్యాంకు కొత్త లోన్ ఇచ్చి పాత లోన్ తీర్చుడు) కింద, ఆమె ఒక్కదాని పేరు మీద. ముందుగాల ఆయనతోని మూడు బకాయి ఈఎంఐలు కట్టించినం. 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి సంస్థలకు వివరాలు పంపాలనే రూల్ వచ్చింది, అందుకే ఖాతా రెగ్యులర్ అయినట్టు ఫిబ్రవరిలనే కనబడ్డది. తప్పిన నెలల మచ్చ పోదు గాని, ఎందుకు తప్పినయో ఖాతా మారిన స్టేట్‌మెంట్‌తో సహా రాతల ఇచ్చినం. సర్కారు జీతం, పైగా తెలంగాణల 2021ల రిటైర్మెంట్ వయసు 61కి పెంచిన్రు కాబట్టి ఆమెకు ఇంకా 22 ఏళ్ళ సర్వీసుంది, 20 ఏళ్ళ లోన్‌కు అడ్డం లేదు.

15 ఏళ్ళా 20 ఏళ్ళా అనేదాని మీద ఆమెతోని ఒక సాయంత్రమంతా కూర్చున్న. 15 అయితే ఈఎంఐ 30,500, 20 అయితే 26,900. నెలకు 3,600 తేడా, మొత్తం మీద 20 ఏళ్ళకు తొమ్మిదిన్నర లక్షలు ఎక్కువ కట్టాలె. ఈ కేసుల అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇదే, స్టాంపులు ఫీజులు అన్నీ కలిపినా దీంట్ల ఐదో వంతు కావు, కాని ఇది ఏ రసీదుల కనబడదు. ఒంటరిగ పిల్లవాన్ని సాకే మనిషికి నెలకు 3,600 ఊపిరాడే జాగ. ఆయన నుంచి బాబుకు వచ్చే పైసలు ఒక నెల ఆలస్యమైతే ఈఎంఐ ఆగొద్దు. ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌ల ముందుగ కడితే పెనాల్టీ ఉండదు, అందుకని 20 పెట్టుకొని చేతిల ఉన్నప్పుడల్లా ఎక్కువ కట్టమని చెప్పిన.

ఇగ దస్తావేజు సంగతి. ఫ్లాట్ ఇప్పుడు 62 లక్షల దాకా పలుకుతది, బాకీ 31 తీస్తే 31 మిగుల్తది, ఆయన వాటా పదిహేనున్నర. ఆమెకు రావాల్సిన శాశ్వత భరణం కింద ఆయన ఆ వాటా వదులుకుంటడు, బాబు ఖర్చు మాత్రం వేరే, నెలనెల ఇయ్యాలె, అది తల్లి మాఫీ చేసేది కాదు. మొదట దస్తావేజు రాసే ఆయన సేల్ డీడ్ అన్నడు. తెలంగాణల 2021 జూలై నుంచి అమ్మకానికి స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 31 లక్షల సగం వాటా మీద 2 లక్షల 32 వేలు. అది ఎక్కువని చెప్తే గిఫ్ట్ డీడ్ రాసుకొచ్చిండు, "నా భార్య మీద గల ప్రేమాభిమానములచే" అని మొదలైంది. నేను అది చదివి పక్కన పెట్టిన. కోర్టుల ఒప్పందంల భరణం బదులు ఇస్తున్న అని రాసి, రిజిస్ట్రారాఫీసుల ప్రేమతో ఊరికె ఇస్తున్న అని రాస్తే రెండు కాగితాలు రెండు కథలు చెప్తయ్. ప్రతిఫలం లేకుండ ఇచ్చేదే దానం. రేపు ఎవరన్నా సవాలు చేస్తే ఆ లైనే ఆమె మెడకు చుట్టుకుంటది. భరణం తీరినట్టు స్పష్టంగ రాసి రిలీజ్ డీడ్ (ఒక వాటాదారు తన వాటాను ఇంకొకరికి వదిలేసే దస్తావేజు) చేసినం, ఇంకా భార్యాభర్తలుగ ఉన్నప్పుడే. డ్యూటీ అమ్మకం కంటే తక్కువ పడ్డది.

డిక్రీలనే రాయించుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చే ఉండదు కదా అని ఆయన లాయర్ అడిగిండు. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ల కోర్టు డిక్రీలకు మినహాయింపు ఉంది గాని, రాజీ డిక్రీల దావాకు సంబంధం లేని స్థిరాస్తి వస్తే ఆ మినహాయింపు వర్తించదు. 13-బి పిటిషన్ల అడిగేది విడాకులు, ఫ్లాట్ కాదు. పైగా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే ఏం కనబడదు, కొత్త బ్యాంకు లీగల్ ఆయన మొదటి రోజే రిజిస్టర్డ్ కాగితం కావాలన్నడు.

టాక్స్ విషయం నాకు తట్టలే, సీఏ పట్టుకున్నడు, ఆయనకు రుణపడి ఉంట. మార్చి 20కి అన్ని రెడీ అయినయ్, భర్త "రేపే పెడ్త సంతకం" అన్నడు. సీఏ ఆగమన్నడు. ఇల్లు చేతికొచ్చిన ఆర్థిక సంవత్సరం అయిపోయిన కాడ నుంచి ఐదేళ్ళలోపు బదిలీ చేస్తే, అప్పటిదాకా ఇన్‌కం టాక్స్ 80సి సెక్షన్ కింద లోన్ అసలు మీద చూపించుకున్న మినహాయింపు మొత్తం ఆ ఏడాది ఆదాయంల కలుస్తది. వీళ్ళకు ఫ్లాట్ 2019ల చేతికొచ్చింది, ఐదేళ్ళు 2025 మార్చి 31కి నిండుతయ్. పదకొండు రోజులు ఆగితే భర్తకు 70 వేల పైన మిగిలింది. ఇంకోటి, భరణం బదులు ఇచ్చినా అది బదిలీనే కాబట్టి లాభం మీద పన్ను లెక్కేసుకోవాలన్నడు. ఆయన సగం కొన్నది 23 లక్షలకు, ఇప్పుడు విలువ 31 అనుకుంటే లాభం 8 లక్షలు, 12.5 శాతం అంటే లక్ష. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తి కాబట్టి పాత పద్ధతిల ఇండెక్సేషన్ (కొన్న ధరకు ధరల పెరుగుదల కలుపుడు) వేసుకొని 20 శాతం కూడా చూసుకోవచ్చు, అట్ల వేస్తే కొన్న ధర 29 లక్షల 90 వేల దాకా పోతది, పన్ను 22 వేల చిల్లరకు దిగింది. ఆ 22 వేలు ఎవరు కట్టాలనేది ముందే ఒప్పందంల రాసినం, రాయకపోతే ఏడాది తర్వాత కొట్లాట అయితుండె.

ఆఖరి చిక్కు. ఆయన పేరు లోన్‌ల నుంచి పోకముందు సంతకం పెట్టనంటడు. ఆయన సంతకం పెట్టకముందు కొత్త బ్యాంకు పైసలియ్యదు. కొత్త బ్యాంకు పైసలియ్యకముందు పాత బ్యాంకు కాగితాలియ్యదు. ముగ్గురిని ఒక్క రోజుల కట్టాల్సొచ్చింది. పాత బ్యాంకు నుంచి క్లోజర్ మొత్తం లెటరు, వాళ్ళ దగ్గరున్న కాగితాల జాబితా, ఈ రిలీజ్‌కు అభ్యంతరం లేదనే లెటరు మూడు ముందే తీసుకున్నం. ఏప్రిల్ మొదటి వారంల ఒక పొద్దున కొత్త బ్యాంకు ఆఫీసరు పాత బ్యాంకు పేరు మీద తీసిన డీడీ ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని రిజిస్ట్రారాఫీసుకే వచ్చిండు. వరండాల వేపచెట్టు నీడల బెంచి మీద భర్త ఆ కవర్ పట్టుకొని అంకెలు ఒక్కొక్కటి వేలు పెట్టి చదివిండు, మళ్ళా మొదటి నుంచి చదివిండు. ఆమె కిటికీ కాడ నిలబడి బాబు బడి నుంచి వచ్చే టైం చూసుకుంటుంది. తర్వాత ఆయన లేచి పోయి ఫొటో దిగి వేలిముద్ర పెట్టిండు, ఆఫీసరు అక్కణ్ణుంచే డీడీ తీసుకొని పాత బ్యాంకుకు పోయిండు. మధ్యాహ్నం మూడింటికి లోన్ క్లోజ్ అయినట్టు ఇద్దరి ఫోన్లకు మెసేజ్ వచ్చింది, ఆమె నంబర్ అంతకుముందే చేర్పించినం.

లోన్ తీరినంక 30 రోజులల్ల కాగితాలన్నీ ఇయ్యాలె, ఆలస్యమైతే రోజుకు 5,000 కట్టియ్యాలని ఆర్‌బీఐ 2023 సెప్టెంబర్‌ల చెప్పింది, ఆ డిసెంబర్ నుంచి అమలు. పాత బ్యాంకుల ఒక లింకు డాక్యుమెంటు (ఆస్తి పాత దస్తావేజు) దొర్కలేదని మూడు వారాలు తిప్పిన్రు. మా దగ్గర వాళ్ళే సంతకం చేసిచ్చిన జాబితా ఉంది, ఈ రూల్ రాసి లెటర్ పెట్టినం, 27వ రోజు దొర్కింది. పాత లోన్‌తో పాటు ఒక్కసారి ప్రీమియం కట్టిన ఇన్సూరెన్స్ కూడా ఉంటది, దాన్ని అందరు మర్చిపోతరు, అడిగి సరెండర్ చేస్తే 38 వేలు వెనక్కొచ్చినయ్. కొత్త లోన్‌కు ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్, టైటిల్ డీడ్స్ డిపాజిట్ స్టాంపులు, రిలీజ్ డీడ్, పన్ను అన్నీ కలిపి లక్షన్నర దాటింది, ఇద్దరు సగం సగం పెట్టుకున్నరు. ఇంటి పన్ను పేరు కార్పొరేషన్‌ల, కరెంటు మీటరు పేరు ఎన్‌పీడీసీఎల్‌ల మార్చుకునే పని ఆమెనే సెలవుల చేసుకుంది.

క్లోజర్ లెటర్, రిజిస్టరైన రిలీజ్ డీడ్ నకలు జతచేసి నెలాఖరుకు రెండో మోషన్ వేసినం. జడ్జిగారు ఇల్లు సంగతి అడిగిన్రు, అయిపోయింది అని చూపించినం, ఇంక ఆ విషయం మీద ప్రశ్న రాలేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మార్చుకున్న. ఇల్లు జాయింట్‌ల ఉందంటే కథ వినకముందే ఇద్దరి సిబిల్ రిపోర్టులు, లోన్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పు అడుగుతున్న, బ్యాంకు మాట రాతల రాకుండ మొదటి మోషన్ల ఇంటి గురించి తేదీలు రాస్తలేను. ఈఎంఐ ఎవరి ఖాతా నుంచి పోతుందో, బ్యాంకుల ఎవరి నంబర్ ఉందో మొదటి రోజే చూస్తున్న, ఆ మూడు ఈఎంఐలు తప్పకపోతే ఆమె పాత బ్యాంకులనే డిసెంబర్‌ల బయటపడేది. దస్తావేజు ముసాయిదా ఒప్పందం పక్కన పెట్టుకొని లైను లైను చదువుతున్న. సీఏను చివర్ల కాకుండ మొదట్లనే పిలుస్తున్న.

మొన్న ఆమె ఫోన్ చేసింది, డీఏ బకాయిలు పడ్డయట, 40 వేలు లోన్‌ల కడ్తనన్నది. కట్టి ఊకోవద్దమ్మా, ఈఎంఐ తగ్గించకుండ నెలలు తగ్గించమని బ్రాంచిల రాసిచ్చి కొత్త షెడ్యూల్ తీసుకో అని చెప్పిన, ఇప్పుడు కట్టే 40 వేలకు చివర్ల ఏడెనిమిది ఈఎంఐలు పోతయ్. సాయంత్రానికి ముద్ర పడ్డ ఆ లెటర్ ఫొటో వాట్సాప్‌ల పంపింది.